నాలుగు అడుగుల గీత

చాక్‌పీసుల డబ్బా దాని చోట లేదు.

పదహారేళ్ళుగా అది వంటింటి గూట్లో, పసుపు డబ్బా పక్కన ఉంటోంది. ఆదివారం పొద్దున కాఫీ తాగి, ఆ డబ్బా చేత పట్టుకుని, నాగలక్ష్మమ్మ కాలనీ మొదట్లో ఉన్న నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్తుంది. ట్యాంకు గోడకు నల్లబోర్డు ఉంది. దాని మీద ఆ వారం కబుర్లు రాస్తుంది. ఫోన్లలో కాలనీ గ్రూపు వచ్చాక కూడా జనం బోర్డు చూసే నమ్ముతారు. గ్రూపులో వచ్చేవి సగం పూలబొమ్మలు, సగం పుకార్లు.

ఇవాళ గూట్లో పసుపు డబ్బా ఒక్కటే ఉంది.

ఆమె వెతకలేదు. ఎవరు తీశారో తెలిసినప్పుడు వెతకడం దండగ. కొంగుతో చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చింది. ఇల్లంతా కొత్త రంగు వాసన. నిన్న కొడుకు చైతన్య రోజంతా నిచ్చెన మీదే ఉండి అటకకు రంగు వేశాడు. శుక్రవారం కోడలు శివాని సామాన్లు దించుతుంటే అటక మూలన బయటపడ్డ హంద్రీ నది ఒండ్రుమట్టి ఇప్పుడు రెండు పూతల తెల్లరంగు కింద ఉంది.

"డబ్బా యాడ పెట్టినావు?"

నారాయణ పేపరు దించలేదు. "ఏ డబ్బా?"

"ఏ డబ్బానో నీకు తెలుసు."

"ఈ ఒక్క వారం రాయొద్దులే. పదకొండుకు ఇంజనీరు వస్తాండాడు. ఆయన ముందర బోర్డు మీద ఏదో ఒకటి కనపడేది ఏంటికి?"

"ఏదో ఒకటి ఏముండాది? రేపు నీళ్ళు ఆరుకు కాదు, ఏడుకు వస్తాయి. హనుమేష్ వాళ్ళ మనవరాలికి గురువారం పేరు పెడతాండారు. ఇవే గదా నేను రాసేది."

"ఇవే రాస్తావా?"

ఆమె కొంగు బొడ్లో దోపుకుంది. నారాయణ పేపరు మడిచి పక్కన పెట్టాడు. ఆయనకు బేతంచెర్ల నాపరాళ్ళ షాపు ఉంది. ఈ కొత్తగట్టు కాలనీకి ఆయన మొదటినుంచీ అధ్యక్షుడు. ముప్పై ఏళ్ళ కాపురంలో భార్య కొంగు దోపుకోవడం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

"చూడు నాగలక్ష్మీ. ఇన్నాళ్ళకు కరకట్ట కడతామని వస్తాండారు. అర్జీలు పెట్టి పెట్టి చెప్పులరిగినాయి నాకు. ఇప్పుడు ఆ కట్ట రాకుండా చేస్తావా?"

"కట్ట రాకూడదని నేనేంటికి అంటా? రావాల. కానీ ఎంత ఎత్తు కడతారు? మనం చెప్పే ఎత్తును బట్టి గదా? నాలుగడుగులు వచ్చిందని సంతకం పెడితే నాలుగడుగుల నీళ్ళకే కడతారు."

"ఇంగ రెండడుగులు ఎక్కువే కడతారులే."

"అయినా ఆరే."

నారాయణ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. తుడవాల్సినంత మురికి వాటి మీద లేదు.

"కర్పూరం ఆర్పినామే. అరవై ఇండ్లోళ్ళం. ఆంజనేయస్వామి ముందర."

అదీ అసలు సంగతి. వరద వచ్చిపోయిన మరుసటేడు ఉగాదికి కాలనీ మగవాళ్ళందరూ గుళ్ళో చేరారు. అప్పటికి ఆరు నెలలుగా కాలనీకి అద్దెకు వచ్చే దిక్కు లేదు. కొనేవాళ్ళు గోడల మీది ఒండ్రుచార చూసి వీధి మలుపులోనే వెనక్కి తిరిగేవారు. అందుకని పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఒక్కొక్కరే అరచేత్తో ఆర్పి, నీళ్ళు నాలుగడుగులే వచ్చాయని చెబుతామని ప్రమాణం చేశారు. మొదట ఆర్పింది నారాయణ. మాట తప్పితే కర్పూరం ఆరినట్టు ఇంటిదీపం ఆరుతుందని ఆ ప్రమాణం అర్థం. తర్వాత గోడలన్నీ కడిగి, సున్నం కొట్టి, ప్రతి ఇంటికీ రోడ్డు నుంచి నాలుగడుగుల ఎత్తున నీలం గీత గీశారు. మునిగిన కాలనీ అనే మాట పోయింది. ఇప్పుడు ఇరవయ్యేళ్ళ పిల్లలు ఆ గీతే నిజమనుకుని పెరిగారు. నిజానికి వరద నాటి సాయంత్రం నీళ్ళు తొమ్మిదడుగులు వచ్చాయి.

"మీరు ఆర్పినారు. మొగోళ్ళు," అంది నాగలక్ష్మమ్మ. "మమ్మల్ని యెవురు పిలిచినారు? మీకందరికీ ఉగాది బచ్చాలు చేసేదానికి మేము పొయ్యికాడ ఉంటిమి."

"ఇంటికి పెద్దోడు ఆర్పితే ఇంట్లో అందరూ ఆర్పినట్లే."

"అట్లయితే ఆ పొద్దు నీళ్ళలో గూడా ఇంటికి పెద్దోడే నిలబడాల్సింది."

అనేశాక ఆమెకే బాధ అనిపించింది. వరద రోజు నారాయణ రాళ్ళ లోడు కోసం బేతంచెర్లలో ఉన్నాడు. దారులన్నీ తెగిపోయి మూడో రోజుకు గానీ రాలేకపోయాడు. అది ఆయన తప్పు కాదు. ఆ సంగతి ఆమె ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఎత్తలేదు.

వీధిలో కూరగాయల బండి వచ్చి, అరిచి, వెళ్ళిపోయింది.

"కోడలు కడుపుతో ఉండాది," అన్నాడు నారాయణ చివరికి, గొంతు తగ్గించి. "ఐదో నెల. ఇట్లాంటప్పుడు కర్పూరం మాట తప్పేటట్టు చేస్తావా నాతో?"

ఆమెకూ నమ్మకమే. నమ్మకం లేకపోతే ఇన్నేళ్ళు నోరు మూసుకుని ఉండేదా?

*

వంటింట్లో శివాని బొరుగుల ఉగ్గాని కలుపుతోంది. చైతన్య ప్లేటు పట్టుకుని నిలబడే తింటున్నాడు. ఆ ఇంట్లో కింద గదుల్లో అతను కూర్చోవడం తక్కువ. పడుకోవడం అసలు లేదు. మిద్దె మీద రేకుల షెడ్డు వేసుకుని, ఎండాకాలం కూడా అందులోనే పడుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో శివాని అది సరదా అనుకుంది.

శివానిది రాజంపేట. ఈ ఇంటికి వచ్చి రెండేళ్ళు. ముందుగదికి ఆనుకుని ఉన్న పెద్దగదిలో చిన్నపిల్లల బడి పెట్టింది. పదహారు మంది పిల్లలు. అందరూ నాలుగేళ్ళ లోపు వాళ్ళే. శుక్రవారం ఒండ్రుమట్టి బయటపడ్డాక, అత్తను నిలదీసి అడిగి, సంగతంతా తెలుసుకుని, శనివారం నుంచి బడి మూసేసింది.

"బడి ఏంటికి మూసినావని అడిగినోళ్ళకు ఏం చెప్పినావు?" అన్నాడు చైతన్య.

"రంగులేస్తాండామని చెప్పినా. అబద్ధం గాదు గదా. మీరు నిన్న వేసినారు గదా."

"సోమవారం తెరువు."

"తెరవను."

"శివానీ."

"వానకాలం వస్తాండాది. పొద్దున తొమ్మిదికి నా మీద నమ్మకంతో దింపి పోతారు వాళ్ళమ్మలు. నీళ్ళొస్తే పదారు మందిని నేను ఒక్కదాన్ని మిద్దెమీదికి ఎట్ల మోసేది?"

"అందుకే గదా కట్ట కట్టేది."

"ఎంత ఎత్తు?"

చైతన్య పచ్చిమిరపకాయ పక్కకు తీసి పెట్టాడు. తర్వాత మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పడం మొదలుపెట్టాడు. "పై అంతస్తు ప్లాను మున్సిపాలిటీలో ఉండాది. తొమ్మిదడుగులని రాసుకుంటే కాలనీ మొత్తం ముంపు జాబితాలో పడతాది. ఇంగ ఒక్క ఇటుక పెట్టనియ్యరు. అప్పుడు నువ్వూ, నేనూ, పుట్టే బిడ్డా ఈ కింద గదుల్లోనే ఉండాల. నీకిష్టమేనా?"

"కింద గదులంటే మీకేంటికి అంత భయం? నాలుగడుగులే గదా వచ్చింది. అరుగు ఎత్తు పోతే ఇంట్లోకి మోకాళ్ళ దాకా గూడా రాలేదు గదా."

చైతన్య ప్లేటు పొయ్యి గట్టు మీద పెట్టాడు. సగం ఉగ్గాని అలాగే ఉంది. అతని మొహంలో రంగు మారడం గుమ్మంలో నిలబడ్డ నాగలక్ష్మమ్మకు కనిపించింది. ఆ మొహం ఆమె పదహారేళ్ళ కింద చూసింది. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. నీళ్ళ ఒత్తిడికి తలుపు తెరుచుకోలేదు. వాడిని అటక మీదికి ఎక్కించి, తను భోజనాల బల్ల మీద నిలబడింది. నీళ్ళు గడ్డం దాకా వచ్చి ఆగాయి. తెల్లారేదాకా ఆమె చెయ్యి పైకెత్తి వాడి పాదం పట్టుకునే ఉంది. వాడు నిద్రలోకి జారి పడిపోకుండా మధ్యమధ్యలో గిల్లుతూ ఉంది.

ఆ తర్వాత వాడు ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు. వాడు మరిచిపోయాడని నారాయణ అనుకుంటాడు.

"అమ్మా," అన్నాడు చైతన్య, ఆమెవైపు చూడకుండా. "నువ్వు గమ్మునుంటే ఎవరికీ ఏమీ గాదు."

"పదారేండ్లు గమ్మునే ఉన్న్యా గదా నాయనా."

"ఇంగ ఒక్క రోజు."

అతను చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. బండి స్టార్టు చేసిన చప్పుడు వినిపించింది. శివాని పొయ్యి ఆపింది. బడిగదిలోకి వెళ్ళి, పిల్లల పలకలు పెట్టే అలమారు తెరిచి, తిరిగి వచ్చింది. అత్త చేతిలో రెండు చాక్‌పీసులు పెట్టింది.

"మీ మామ కర్పూరం ఆర్పినాడమ్మా," అంది నాగలక్ష్మమ్మ. "నీ కడుపులో బిడ్డ మీదికి వస్తాదని భయపడతాండాడు. నాకూ భయంగానే ఉండాది."

"నాకూ ఉండాదత్తా. రాత్రి నుంచి అదే ఆలోచన చేస్తాండా." శివాని కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. "కానీ ఆ పదారు మంది గూడా ఎవురో ఒకరి కడుపున పుట్టినోళ్ళే గదా."

*

ఒక్కదాని మాట చాలదని నాగలక్ష్మమ్మకు తెలుసు. అందుకే ట్యాంకు దగ్గరికి పోయేముందు ఎదురింటి గేటు తీసింది.

గాబ్రియేలు అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎర్రగుంట్ల రైల్వేలో పని చేసి రిటైరైన మనిషి. ఆదివారం కాబట్టి తెల్లచొక్కా వేసుకుని చర్చికి తయారుగా ఉన్నాడు. వరద మర్నాడు పొద్దున లారీ ట్యూబు వేసుకుని ఈదుకుంటూ వచ్చి, నీళ్ళలో మునిగి కిటికీ చువ్వలు వంచి, తల్లినీ కొడుకునూ బయటికి లాగింది ఆయనే. కిటికీ పైఅంచు కూడా నీళ్ళలోనే ఉందని ఆయనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"రా నాగలక్ష్మమ్మా. కూర్చో."

"కూర్చోనన్నా. ఒక్క మాట అడిగి పోదామని వచ్చినా."

"అడగొద్దు," అన్నాడు ఆయన.

ఆమె నిలబడే ఉంది. లోపల ఆయన కూతురు నిస్సీ బీరువా సర్దుతున్న చప్పుడు. నిస్సీకి కడపలో నర్సు ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల తండ్రిని కూడా తీసుకుపోతుంది.

"ఇంజనీరు ఇద్దరి సంతకాలు కావాలంటాడంట అన్నా. నేను ఒకటి పెడతా."

"నేను కర్పూరం ఆర్పలేదు, నీకు తెలుసు గదా. నన్ను బైబిలు తెచ్చుకోమన్యారు. తెచ్చుకోని దాని మీద చెయ్యి పెట్టి చెప్పినా. ఆ పొద్దు నుంచి వాక్యం చదవాలంటే నాకు సిగ్గే." ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు. "ఇల్లు అమ్ముతాండా. కొనేటోళ్ళు గురువారం వస్తారు. ముసలోడిని, ఇంగ ఎన్ని మెట్లెక్కుతా, ఎన్ని సార్లు ఈదుతా. ఇది పోతేనే నేను ఈడ్నుంచి కదిలేది."

"కొనేటోళ్ళు నీళ్ళు యాడికొచ్చినాయని అడిగినారా?"

"అడిగినారు."

"ఏం చెప్పినావు?"

గాబ్రియేలు గేటు అవతల గోడ మీదున్న నీలం గీతవైపు చూశాడు.

"వాళ్ళకు చిన్న పిల్లోళ్ళు ఉండారా అన్నా?"

"ఇద్దరు," అన్నాడు. "ఒక్క వారం ఆగు నాగలక్ష్మమ్మా. గురువారం కానీ. ఆ తర్వాత నువ్వు ఏం చెప్పమంటే అది చెప్తా, యాడ సంతకం పెట్టమంటే ఆడ పెడతా."

"నాకు ఆగేదానికి ఏముండాదన్నా. ఆయన పదకొండుకు వస్తాండాడు."

ఆయనమీద కోపం తెచ్చుకుందామని ఆమె ప్రయత్నించింది. రాలేదు. తమ ప్రాణాలు కాపాడిన మనిషి. ముసలివాడైపోయాడు, అంతే. గేటు మెల్లగా వేసి వచ్చేసింది.

*

బోర్డు మీద ఆమె రాసింది ఇదీ:

మంచినీళ్ళు సోమవారం ఉదయం ఏడు గంటలకు వస్తాయి.

హనుమేష్ గారి మనవరాలికి గురువారం నామకరణం. అందరూ రావాలని కోరారు.

ఆరో వీధిలో కుక్క ఇద్దరిని కరిచింది. పిల్లలను ఒంటరిగా పంపకండి.

వరద ఏడాది మన కాలనీలో నీళ్ళు తొమ్మిది అడుగులు వచ్చాయి. నాలుగు కాదు. చూసినదాన్ని నేను.

కింద పేరు రాసింది. మామూలుగా పేరు రాయదు. బోర్డు మీద రాత ఎవరిదో అందరికీ తెలుసు.

ముందు పాలప్యాకెట్ల కోసం వచ్చినవాళ్ళు చూశారు. చదివి, మళ్ళీ చదివి, ఏమీ అనకుండా వెళ్ళారు. కాసేపటికి ఇద్దరిద్దరుగా రావడం మొదలైంది. చిన్నపిల్లతో కొత్తగా అద్దెకొచ్చిన జంట ఒకటి, "నిజమా అండీ?" అని పక్కవాళ్ళను అడిగింది. పక్కవాళ్ళు ఫోన్లలోకి చూసుకున్నారు. ఇంతమంది చేరీ ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఆ కాలనీ చరిత్రలో లేదు. నీళ్ళ కుళాయి దగ్గర ఒక్క బిందె అటూ ఇటూ అయితే వీధంతా వినిపించే చోటది.

లక్ష్మక్క చీపురు పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. ఆమెది ట్యాంకు పక్క ఇల్లు. భర్త పోయాక కింద మూడు గదులు అద్దెకిచ్చి, ఆ అద్దెతోనే బతుకుతోంది.

"తుడిచెయ్ నాగలక్ష్మీ. నీ కాళ్ళు పట్టుకుంటా, తుడిచెయ్."

"నువ్వు గూడా చూసినావు గదా లక్ష్మక్కా. మీ మిద్దె పిట్టగోడ మీద కూర్చోని నా పేరు పెట్టి పిల్చినావు."

"చూసినా. ఎవురు లేదన్యారు? చూసినదంతా చెప్పాల్నా?" లక్ష్మక్క చీపురు రెండు చేతులా పట్టుకుంది. "ఈ మాపటికి నా ముగ్గురు అద్దెకుండేటోళ్ళూ సామాన్లు కట్టుకుంటారు. నేను ఏం తిని బతకాల? నీకు మొగుడుండాడు, కొడుకుండాడు, షాపుండాది."

అది నిజమే. నాగలక్ష్మమ్మ చాక్‌పీసు వేళ్ళ మధ్య తిప్పుకుంటూ నిలబడింది. ఆకలి గురించి చెబుతున్న మనిషికి ఎప్పుడో వచ్చే నీళ్ళ గురించి ఎలా చెప్పడం?

"తుడవను లక్ష్మక్కా," అంది చివరికి. "నువ్వు తుడిస్తే నేను అడ్డం రాను."

లక్ష్మక్క బోర్డువైపు రెండడుగులు వేసింది. చెయ్యి ఎత్తింది. తర్వాత ఏమనుకుందో, చీపురు కింద పడేసి, ట్యాంకు గట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

*

ఇంజనీరు పదకొండూ ఇరవైకి వచ్చాడు. కుర్రవాడే. కళ్ళ కింద నల్లచారలు. జీపులోంచి దిగుతూనే నీళ్ళు అడిగి తాగాడు. ఇది ఆ రోజు ఆయనకు మూడో కాలనీ, ఇంకా రెండున్నాయి. వెంట టేపు పట్టుకున్న ఒక మనిషి, చేతిలో ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితం. నారాయణ షాపు నుంచి తెప్పించిన కుర్చీలు ట్యాంకు నీడలో వేయించాడు. మొదటి వరసలో తను, చైతన్య. వెనక ఇంటికొకరు చొప్పున మగవాళ్ళు. గాబ్రియేలు చర్చికి పోలేదు. చివరి కుర్చీలో తల వంచుకుని ఉన్నాడు.

"పాత వరద మట్టం రాసుకుంటే నా పని అయిపోతుందండీ," అన్నాడు ఇంజనీరు. "గోడల మీద గీత కొలిచాం. నాలుగు. చూసినవాళ్ళు ఇద్దరు, ఇళ్ళున్నవాళ్ళు, సంతకం పెడితే చాలు. కట్ట డిజైను దాన్ని బట్టే చేస్తారు."

"రాసుకోండి సార్," అన్నాడు నారాయణ.

"సార్, బోర్డు చూడండి," అంది నాగలక్ష్మమ్మ.

ఇంజనీరు తిరిగి చూశాడు. మంచినీళ్ళ దగ్గరనుంచి మొదలుపెట్టి అంతా చదివాడు. నాలుగో కబురు దగ్గర ఆగాడు. అట్ట దించాడు.

"ఇది రాసిందెవరు?"

"నేనే నాయనా. నాగలక్ష్మమ్మ. ఈ అధ్యక్షుడి ఇంటిదాన్ని. నీళ్ళు తొమ్మిదడుగులు వచ్చినాయి. గీతలు తర్వాత గీసినవి. నేను బల్లమీద నిలబడితే నాకు గడ్డం దాకా వచ్చినాయి. మీరు కట్ట నాలుగుకు కడితే, నమ్మి దాని కింద నిద్రపోతారు వీళ్ళంతా."

ఎన్నో ఏళ్ళుగా లోపల చెప్పుకుంటున్న మాటలు కాబట్టి తడబాటు లేకుండా వచ్చాయి.

ఇంజనీరు జనంవైపు తిరిగాడు. "ఇంకెవరైనా చూశారా? తొమ్మిది?"

ట్యాంకు నిండి పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. మామూలుగా అయితే ఎవరో ఒకరు పరిగెత్తి మోటారు కట్టేస్తారు. ఇవాళ ఎవరూ లేవలేదు. గాబ్రియేలు తన చేతుల్లోకి చూసుకుంటున్నాడు. లక్ష్మక్క గట్టు మీదే ఉంది, తల ఎత్తలేదు.

"అయ్యా, ఆలోచించి చెప్పండి," అన్నాడు ఇంజనీరు. ఆయన గొంతులో నిజంగానే ఆత్రం ఉంది. "నాలుగుకీ తొమ్మిదికీ చాలా తేడా అండీ. ఇంకొక్కరు చెప్పినా నేను పైకి రాస్తాను."

అప్పుడు చైతన్య లేచాడు.

నాగలక్ష్మమ్మ గుండె ఒక్కసారిగా తేలికపడింది. వాడు మరిచిపోలేదు. వాడి పాదం తన అరచేతిలో ఎలా ఉండేదో వాడికి తెలుసు. తల్లిగా ఆ ఒక్క క్షణం ఆమె గర్వపడింది కూడా.

చైతన్య ఇంజనీరు దగ్గరికి నడిచాడు. మర్యాదగా, గొంతు తగ్గించి మాట్లాడాడు. అయినా అక్కడున్న నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది.

"సార్, మా అమ్మను తప్పుగా అనుకోవద్దు. వరద అయినప్పట్నుంచి ఆమెకు తల సరిగ్గా లేదు. ఒక్కోసారి ఇట్లనే ఏదేదో రాస్తాది. మేము ఇంట్లో చూసుకుంటాండాం."

ఇంజనీరు ఆమెవైపు చూశాడు. తర్వాత నారాయణవైపు. "అవునాండీ?"

నారాయణ భార్య కళ్ళలోకి చూడలేదు. ఆయన చూపు ఆమె పాదాల దగ్గర, చాక్‌పీసు పొడి రాలిన నేల మీద ఉంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాడు. చెప్పడం ఇష్టం లేని మనిషిలా, చిన్నగా తల ఊపాడు.

ఇంజనీరు నిట్టూర్చాడు. కాగితం మీద నాలుగు అని రాశాడు. నారాయణ సంతకం పెట్టాడు. రెండో సంతకం చైతన్య పెట్టాడు. అంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. జీపు ఎక్కబోతూ ఇంజనీరు ఆమె దగ్గర ఆగాడు.

"ఎండగా ఉందమ్మా. ఇంటికెళ్ళి కాసేపు పడుకోండి," అన్నాడు ఎంతో దయగా.

జనం విడిపోయారు. బోర్డు ఎవరూ తుడవలేదు. తుడవాల్సిన అవసరం పోయింది. ఇప్పుడు అది చదివినవాళ్ళు పాపం అనుకుంటారు, అంతే. అద్దెకొచ్చిన కొత్త జంట వెళ్తూ వెళ్తూ ఆమెకు దారి ఇచ్చి, పిల్లను తమ పక్కకు లాక్కుంది.

శివాని ఎప్పుడు వచ్చిందో, అత్త చెయ్యి పట్టుకుంది. ఇంటివైపు కాకుండా మెయిన్‌రోడ్డు వైపు తిప్పింది.

"యాడికమ్మా?"

"ఈ ఇంజనీరు పైన ఇంకో పెద్దాయన ఉంటాడు గదత్తా. రేపు ఆఫీసు తెరుస్తారు. ఈ రాత్రికి ఊళ్ళో మా చిన్నమ్మ ఇంట్లో ఉందాం. రేపు పొద్దున్నే పోయి మళ్ళా చెప్దాం. మీరు నాకు చెప్పినట్లే చెప్పండి."

నాగలక్ష్మమ్మ నాలుగడుగులు నడిచి ఆగిపోయింది. నీళ్ళలో నిలబడినప్పుడు కూడా ఆమెకు ఇంత భయం వేయలేదు. రేపు ఆ పెద్దాయన ముందు తను నోరు తెరిచేసరికి, తల సరిగ్గా లేదన్న కొడుకు మాట తనకంటే ముందే ఆ కాగితంతో పాటు అక్కడికి చేరి ఉంటుంది.